జువాలజీ సారు వద్దన్న గ్రూపు

ఇంటర్ పాసైన పిల్ల ఇంట్లో ఉందంటే చాలు, ఎండాకాలం పొడుగునా ఆ ఇంటికి కాలేజీల వాళ్ళు వస్తూనే ఉండేవాళ్ళు. మా వైపు ప్రైవేటు డిగ్రీ కాలేజీల్లో అదో పద్ధతి. వేసవిలో పిల్లలకే సెలవులు, లెక్చరర్లకు కాదు. ఎవరు ఎంతమందిని చేర్పించాలో యాజమాన్యం ముందే చెప్పేసేది. వాళ్ళు మోపెడ్ల మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతూ, ఎవరింట్లో ఎవరు పాసయ్యారో వాకబు చేసుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. జీతం తీసుకునేది పాఠాలు చెప్పడానికి, ఎండలో తిరిగేది సీట్లు అమ్మడానికి. అందులో వాళ్ళ తప్పేమీ లేదు గానీ, మా ఇంటికి అమ్మడానికి రావడం మాత్రం వాళ్ళ ఖర్మ. ఎందుకంటే మా అమ్మ చేపల వ్యాపారం చేసే మనిషి.

మాది మంగినపూడి పక్కన సముద్రం మీద బతికే పల్లె. నాన్న బోటు మీద వేటకు వెళ్ళేవాడు. అమ్మ పొద్దున్నే ఒడ్డున పాటలో చేపలు కొని, పచ్చివి బందరు మార్కెట్లో అమ్మి, మిగిలినవి ఎండబెట్టి వారం వారం గుడివాడ సంతకు తీసుకెళ్ళేది. పాట అంటే వేలం. బోటు రాగానే చేపలు ఇసకలో కుప్పలు పోస్తారు. చుట్టూ జనం మూగుతారు. ఇంక అక్కడ ఉన్నమాట చెప్పేవాడు ఉండడు. కొనదలచుకున్నవాడు ఆ కుప్పనే తిడతాడు. మెత్తబడిపోయాయంటాడు, నిన్నటివంటాడు, అంటూనే పాట పెంచుతాడు. అమ్మేవాడు ఒక కుప్ప చూపించి "అది నీకు పనికిరాదులే అక్కా, ఇటు చూడు" అన్నాడంటే దాన్ని ఎవరికో ముందే మాట ఇచ్చేశాడని అర్థం. మా అమ్మకి లోకం తెలిసింది ఆ ఇసకలోనే. మెచ్చుకునేవాడు అంటగట్టడానికి చూస్తున్నాడు, తిట్టేవాడు కొట్టేయడానికి చూస్తున్నాడు, వద్దనేవాడు దాచిపెట్టుకుంటున్నాడు. ఇంకో రకం మనిషి ఉంటాడని ఆవిడని ఎవరూ ఒప్పించలేకపోయారు.

నేను బైపీసీ చదివాను. మార్కులు పర్వాలేదు గానీ ఎంసెట్ ర్యాంకు ఎవరితోనూ చెప్పుకునేట్టు లేదు. డాక్టరు మాట నేనే మానేశాను. డిగ్రీలో చేరతానంటే నాన్న ఒప్పుకున్నాడు. "మూడేళ్ళు చదువుకో అమ్మా. అది అయ్యేటప్పటికి ఏదో ఒక దారి కనపడాలి. కనపడలేదనుకో, ఇంకోటి చదువుతానని మాత్రం అడగమాక. మీ అమ్మతోపాటు ఎండుచేపల దగ్గరికి పోదువుగాని" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడు. అమ్మ చేతులు ఉప్పుకి పగిలి, వేళ్ళు ముడుచుకుంటే రక్తం చిమ్మేవి. చేపల వాసనకి బస్సులో ఆవిడ పక్క సీటు ఎంత రద్దీలోనూ ఖాళీగానే ఉండేది. పక్కన ఎవరూ కూర్చోని ఆ బతుకు నాకు వద్దు. అంతకంటే దాపరికం లేకుండా చెప్పడం నాకు చేతకాదు.

కాబట్టి ఏ గ్రూపు తీసుకోవాలన్నది మా ఇంట్లో మామూలు ప్రశ్న కాదు. తప్పితే ఇంకో పాట లేదు.

వచ్చినవాళ్ళందరూ మాట్లాడేశాక చివర్లో ఒకటే అడిగేవాళ్ళు. "ఒరిజినల్స్ ఒకసారి ఇవ్వండమ్మా, జెరాక్స్ తీయించి పంపిస్తాం." ఆ ఒరిజినల్స్ వెళ్ళాయంటే పిల్ల కూడా వెళ్ళినట్టే. మార్కుల మెమో, టీసీ వాళ్ళ బీరువాలో పడ్డాక ఇంకో కాలేజీ గడప తొక్కడానికి ఉండదు. మా వీధిలో ఒకమ్మాయి అలా కళ్ళతో చూడని కాలేజీలో చేరిపోయింది. మా అమ్మ నా సర్టిఫికెట్లు బియ్యం డబ్బాలో అడుగున పెట్టి, అడిగినవాళ్ళకి "మా ఆయన బోటులో పట్టుకుపోయాడండీ" అని చెప్పేది. సర్టిఫికెట్లు సముద్రంలోకి ఎందుకు తీసుకెళ్ళాడని ఒక్కరూ అడగలేదు.

ఆ వరసలోనే ఒక మధ్యాహ్నం జువాలజీ సారు వచ్చాడు. నలభై దాటిన మనిషి. చొక్కా వీపంతా చెమటకి అంటుకుపోయి ఉంది. బందరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తానని చెప్పుకున్నాడు. అమ్మ పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన సంచీలోంచి రంగుల పాంఫ్లెట్ తీసి నాకిచ్చాడు. దాని మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి గాజు గొట్టంలోకి చూస్తూ నవ్వుతోంది. గొట్టంలో అంత నవ్వొచ్చే విషయం ఏముందో నాకు అర్థం కాలేదు.

"ఈ ఏడాది నుంచి మా కాలేజీలో బయోటెక్నాలజీ పెడుతున్నామండీ" అన్నాడు అమ్మతో. "కంప్యూటర్ల పని అయిపోయింది. రాబోయే కాలమంతా దీనిదే. మందుల కంపెనీలు, విత్తనాల కంపెనీలు, రొయ్యపిల్లల హ్యాచరీలు, అన్నిటికీ ఇది చదివినవాళ్ళే కావాలి."

రొయ్య అనగానే అమ్మ మొహం మారింది. అంతకు కొన్నేళ్ళ ముందు మా చుట్టుపక్కల వరి చేలు తవ్వించి రొయ్యల చెరువులు చేసినవాళ్ళకి కూడా ఎవరో రాబోయే కాలమంతా దీనిదే అని చెప్పారు. తెల్లమచ్చ రోగం వచ్చి ఆ చెరువులు ఎలా అయ్యాయో అందరం చూశాం. అప్పట్నుంచీ ఎవరైనా రాబోయే కాలం గురించి మాట్లాడితే మా వాళ్ళు చెప్పులు ఎక్కడున్నాయో చూసుకునేవాళ్ళు.

"తమరు చెప్పేది ఇదేనా సారూ?" అంది అమ్మ.

"కాదండీ. నాది జువాలజీ. చేపలు, పీతలు, రొయ్యలు, అన్నీ అందులోకే వస్తాయి."

"మరైతే మా పిల్లకి అదే చెప్పచ్చుగా. పుట్టినకాణ్ణించీ వాటి మధ్యనే ఉందిగా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "వద్దండీ. బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, బీజెడ్‌సీ అంటారు. పాత గ్రూపు. అందులో ఇప్పుడేమీ లేదు. అది చదివి ఇంట్లో కూర్చున్నవాళ్ళని రోజూ చూస్తున్నాను. అమ్మాయిని అందులో వెయ్యద్దు."

ఆ మాట అంటున్నప్పుడు మా వంక చూడలేదు. బయట ఆరేసిన వల వంక చూశాడు. అమ్మ అది కనిపెట్టింది. నేనూ కనిపెట్టాను.

మోపెడ్ మలుపు తిరిగేదాకా ఆగి అమ్మ మొదలుపెట్టింది. "విన్నావటే? తన సరుకు తనే బాగాలేదంటన్నాడు. ఎక్కడన్నా ఉందా అది? ఆ గంప ఎవరికో కట్టిపెట్టి ఉంచారే. పెద్దోళ్ళ పిల్లలకి. మనబోటోళ్ళకి ఈ రంగు కాయితం చూపించి పంపిస్తన్నారు."

ఇప్పుడిది చెప్తే నవ్వుతారు. అప్పుడు నాకు నవ్వు రాలేదు. అమ్మ మాటలో తప్పు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. సొంత సబ్జెక్టుని అంత తీసిపారేసి మాట్లాడే మాస్టారుని నేనెప్పుడూ చూడలేదు. లెక్కల మాస్టారు లెక్కలే ప్రపంచమనేవాడు, తెలుగు మాస్టారు తెలుగు రాకపోతే మనిషే కాదనేవాడు. ఈయనొక్కడికి ఏమొచ్చింది?

బందరు వెళ్ళి తెలిసినవాళ్ళని అడిగాను. ఇంటర్లో ట్యూషన్ చెప్పినాయన బీజెడ్‌సీ వద్దన్నాడు. నాతోపాటు చదివిన అమ్మాయి, చిలకలపూడిలో ఉండేది, వాళ్ళింట్లో అందరూ వద్దన్నారని చెప్పింది. తను బయోటెక్నాలజీకి సంతకం కూడా పెట్టేసింది. ఇవన్నీ తెచ్చి అమ్మకి చెప్తే ఆవిడ అనుమానం కాస్తా గట్టిపడింది. "ఇంతమంది ఒకటే మాట చెప్తన్నారంటే కూడబలుక్కున్నారన్నమాట" అంది. ఒడ్డున అదీ ఉంది. నలుగురు కొనుగోలుదార్లు ముందే మాట్లాడుకుని, ఒకే కుప్పని కలిసి తిట్టి, పాట పెరగకుండా చేసి, తర్వాత పంచుకుంటారు.

ఆ సారు కాలేజీలోనే చేరడానికి వెళ్ళిన రోజున అమ్మ కూడా వచ్చింది, సర్టిఫికెట్లు జాకెట్లో పెట్టుకుని. ఆఫీసులో గుమస్తా బయోటెక్నాలజీ అప్లికేషన్ తీసి ముందే పేరు రాయబోయాడు. బీజెడ్‌సీ అనగానే కలం ఆపి లోపలికి వెళ్ళి ప్రిన్సిపాల్ని పిలుచుకొచ్చాడు. ఆయన ఎంతో మర్యాదగా, "ఆ గ్రూపు ఉందంటే ఉందమ్మా. ఎవరూ రావడం లేదు. మంచి మార్కులున్నాయి, ఎందుకు పాడుచేసుకుంటావు?" అన్నాడు. కొత్త లేబొరేటరీ తలుపులు తీయించి చూపించాడు. అమ్మ లేబొరేటరీ అంతా చూసి, చల్లగా ఉందని ఒప్పుకుని, బయటికొచ్చి నా చెవిలో, "ప్రిన్సిపాలు దిగొచ్చాడంటే చూసుకో. అదే కావాలను" అంది.

అలా నేను బీజెడ్‌సీలో చేరాను. భవిష్యత్తు చూసి కాదు, దాన్ని అందరూ తిడుతున్నారని.

క్లాసులో పట్టుమని పదిమందిమి కూడా లేము. పెద్దోళ్ళ పిల్లలు ఎక్కడున్నారా అని మొదటి రోజంతా వెతికాను. ఒకబ్బాయి పెదపట్నం నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, మిగతావాళ్ళూ అలాంటివాళ్ళే. జువాలజీ సారు లోపలికొస్తూ నన్ను చూసి ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడిపోయాడు. "వద్దన్నానుగా అమ్మా" అన్నాడు. తర్వాత హాజరు తీసుకుని పాఠం మొదలెట్టాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన పాఠం చాలా బాగా చెప్పేవాడు. బోర్డు మీద చేప గుండె గీసి, రక్తం ఎటు వెళ్తుందో సుద్దముక్కతో చూపిస్తుంటే, చిన్నప్పట్నుంచీ నేను కోసి పారేస్తున్నది ఇదా అనిపించేది. ఇంత ఇష్టంగా చెప్పే మనిషి ఆ రోజు మా ఇంట్లో కూర్చుని ఇందులో ఏమీ లేదని ఎలా అన్నాడు? ఆ ప్రశ్న నన్ను మూడేళ్ళూ వదల్లేదు. ఆయన నవ్వినా, నోట్సు ఇచ్చినా, మార్కులు ఎక్కువేసినా, దీని వెనకాల ఏముందా అని చూసేదాన్ని.

ఒకసారి నన్ను పిలిచి, ఒడ్డున వలల్లో తినడానికి పనికిరాని చేపలు పడితే తెచ్చిపెట్టమన్నాడు. సీసాల్లో మందు పోసి దాచడానికట. అమ్మతో చెప్తే ఆవిడ కళ్ళు మెరిశాయి. "అదీ సంగతి. చేపల కోసమా ఇదంతా?" అంది. తినడానికి పనికిరానివే అడిగాడమ్మా అంటే, "మొదట్లో అట్టాగే అడుగుతారు. తర్వాత ఖరీదైన చందువాలు అడుగుతాడు చూడు" అంది. నేను సముద్రపు గుర్రాలు, ముళ్ళ కప్పచేపలు, ఒకసారి చిన్న పాముచేప తీసుకెళ్ళాను. మూడేళ్ళలో ఆయన చందువా అడగలేదు. అమ్మ మాత్రం ఎదురుచూడటం మానలేదు.

పక్క గదిలో బయోటెక్నాలజీ వాళ్ళు బెంచీలు చాలక కిటికీల్లో కూర్చునేవాళ్ళు. చిలకలపూడి అమ్మాయి మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అక్కడి కబుర్లు చెప్పేది. చల్లటి లేబొరేటరీకి ఎప్పుడూ తాళమేనట. తల్లిదండ్రులు వచ్చినప్పుడు తీస్తారట. లోపలి ఫ్రిజ్‌లో లెక్చరర్ల మంచినీళ్ళ సీసాలు ఉన్నాయట. నవ్వుతూనే చెప్పేది గానీ రెండో ఏడు వచ్చేసరికి ఆ కబుర్లు చెప్పడం మానేసింది.

మా రెండో ఏడు ముగిసిన వేసవిలో కూడా సారు మళ్ళీ మోపెడ్ మీద ఊళ్ళు తిరిగాడు. చాలామందిని తెచ్చాడు. ఒక్కరినీ బీజెడ్‌సీకి తేలేదు. ఆ ఏడూ మాకు జూనియర్లు లేరు. మా తర్వాత ఈ గ్రూపు ఉండదని కాలేజీ అంతా అనుకుంటోంది. గ్రూపు లేకపోతే జువాలజీ లెక్చరర్‌తో పనేముంది? మరి ఈయన తన కొమ్మ తనే ఎందుకు నరుక్కుంటున్నాడు? ఎక్కువమందిని తెచ్చినవాళ్ళని కొత్త గ్రూపులోకి సర్దుతారని ఎవరో అన్నారు. అది విని నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళ చిక్కు విడిపోయినట్టయింది.

అయినా ఉండబట్టలేక ఒకరోజు లేబొరేటరీలో అడిగేశాను. "ఊళ్ళన్నీ తిరిగారు కదండీ. మా గ్రూపుకి ఒక్కళ్ళని కూడా తేలేదేం సార్?"

సీసా మూత బిగిస్తూ, "నన్ను నమ్మి అడిగినవాళ్ళకి అబద్ధం ఎలా చెప్పనమ్మా" అన్నాడు.

నేను నమ్మలేదు. ఇంత చక్కగా కుదిరిన మాట చెప్పాడంటే ముందే తయారుచేసుకుని ఉంటాడనుకున్నాను.

మా పరీక్షలైన నెలలోనే గ్రూపు తీసేశారు, ఆయన్నీ తీసేశారు. కొత్త గ్రూపులోకి సర్దలేదు. మార్కుల మెమో కోసం వెళ్ళినప్పుడు ఆ సంగతి తెలిసింది. ఆయన గదిలో నేను తెచ్చిన సీసాలు గోడవారగా నేల మీద పెట్టి ఉన్నాయి. ఇంటికొచ్చి చెప్తే అమ్మ, "ఎక్కడో పెద్దచోట కుదుర్చుకునే ఉంటాడులే. లేకపోతే ఊరుకుంటాడా?" అంది. అప్పుడు మాత్రం నాకు ఆవిడ మీద చిరాకేసింది.

తర్వాత నా దారి మెల్లగా తెరుచుకుంది. బీజెడ్‌సీతో బీఈడీలో జీవశాస్త్రం వచ్చింది, టీచరు ఉద్యోగానికి అదే దారి కాబట్టి నాన్న ఒప్పుకున్నాడు. బీఈడీ అయ్యాక డీఎస్సీ రాశాను. మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. కోడూరు దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరుగా వేశారు. అవనిగడ్డ మీదుగా బస్సులు మారి మొదటి రోజు స్కూలుకి వెళ్తుంటే నా పక్క సీట్లో ఒకావిడ వచ్చి కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి ఎవరైనా పోయారా అని అడిగింది.

నాన్న నేరుగా ఏమీ అనలేదు గానీ బోటు వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అమ్మయితే ఊరంతా చెప్పింది, పాటలో గెలిచిన మనిషిలా. "అందరూ కలిసి దాచిపెట్టిన గంప. నేను కాబట్టి పట్టుకున్నా" అనేది.

ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడు, ఒక సెలవు రోజున అమ్మకి తోడుగా గుడివాడ సంతకు వెళ్ళాను. అమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు కుప్ప పోసి కూర్చుంది. ఎండెక్కుతుండగా ఒకాయన సంచీ పట్టుకుని వచ్చి నెత్తళ్ళు అడిగి, నన్ను చూసి ఆగిపోయాడు. జువాలజీ సారు. జుట్టు బాగా నెరిసింది. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. ఆయన మొహం నిజంగా వెలిగింది. "బీజెడ్‌సీతోనా? మంచిదమ్మా, చాలా మంచిది" అన్నాడు. తను ఇక్కడే ఒక జూనియర్ కాలేజీ హాస్టల్లో వార్డెనుగా ఉంటున్నానని చెప్పాడు.

నేను అడగలేనిది అమ్మ అడిగింది. "సారూ, ఏమనుకోమాకండి. ఆ రోజు మా ఇంటికొచ్చి ఈ చదువు వద్దని ఎందుకన్నారు? ఇప్పుడన్నా చెప్పండి."

ఆయనకి ప్రశ్న అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "బాగుండదనుకున్నానండీ" అన్నాడు. "అప్పుడు నాకలాగే కనపడింది. మా అమ్మాయీ అదే ఏడు ఇంటర్ పాసైంది. దాన్ని ఇక్కడే గుడివాడలో బయోటెక్నాలజీలో వేశాను."

"ఇప్పుడేం చేస్తందండీ పాప?"

"నర్సింగ్ హోంలో రిసెప్షన్‌లో కూర్చుంటోంది. బీఈడీ చేద్దామంటే ఆ గ్రూపుకి జీవశాస్త్రం ఇవ్వడం కుదరదన్నారు. కంపెనీలన్నీ పీజీ కావాలన్నాయి. అంత చదివించడానికి అప్పటికి నాకు ఉద్యోగం లేదు" అన్నాడు. ఎవరినీ తిట్టలేదు. నెత్తళ్ళు సంచీలో వేసుకుని, బడి పిల్లలకి చేప కోసి చూపించేటప్పుడు కత్తెర తోక వైపు నుంచి పెట్టమని నాకు చెప్పి వెళ్ళిపోయాడు.

అమ్మ మిగతా సరుకు మీద బేరం ఆడలేదు. వచ్చినవాళ్ళకి అడిగిన ధరకి ఇచ్చేసింది. సాయంత్రం బందరు బస్సులో ఆవిడ పక్కన నేనే కూర్చున్నాను. కవుతరం దాటాక, కిటికీలోంచి చూస్తూ, "సొంత పిల్లనే వేశాడంటే నిజమే చెప్పాడన్నమాట" అంది.

నేను ఖాళీ గంపని కాళ్ళ దగ్గరికి జరుపుకున్నాను.

"ఆయన నిజం చెప్తన్నాడని ఆ రోజే తెలిసుంటే నిన్నూ అక్కడే వేసేదాన్ని కదే."

ఇన్నేళ్ళూ ఆయనలో నేను వెతికిన మోసం లేదు. ఆ మనిషి నమ్మిందే మాకు చెప్పాడు, నమ్మిందే కూతురికి చేశాడు. మేము నమ్మలేదు కాబట్టి నేను బతికిపోయాను. దీన్ని ఏమనుకోవాలో తెలియక, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియక, ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

పెడనలో బస్సు ఆగినప్పుడు అమ్మ ఇటు తిరిగింది. "నీ స్కూల్లో పిల్లలు నిన్నూ అడుగుతారుగా, ఏం చదవమంటారు టీచరు గారూ అని. వాళ్ళకేం చెప్తావు?"

"నాకు తెలిసింది చెప్తాను" అన్నాను.

"ఆయనా అదే చెప్పాడు" అంది అమ్మ.